దిగేటప్పుడు పవర్ చాలడం లేదు: మోడల్ 12 శాతం మిగులు చూపుతోంది, సెల్లు మాత్రం ముందే ఆగిపోతోంది

విమాన_విద్యార్థిని
బెంగళూరులో ఒక చిన్న బృందంలో, నిలువుగా లేచి నిలువుగా దిగే విద్యుత్ విమానానికి బ్యాటరీ లెక్కలు చూసే పని నాది. మూడు వారాలుగా ఒకే చిక్కు దగ్గర ఆగిపోయాను. మా బృందంలో బ్యాటరీ చదువు చదివినవారు ఎవరూ లేరు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మేము ఎంచుకున్నది 5 ఆంపియర్ అవర్ల 21700 (21 మి.మీ. వ్యాసం, 70 మి.మీ. పొడవు) సెల్లు, అంటే సుమారు 18 వాట్ అవర్ల ఎనర్జీ. మొత్తం ప్రయాణాన్ని సెల్లుల సంఖ్యతో భాగిస్తే ఒక్కో సెల్లు వాటాకు వచ్చేది ఇది: 95 శాతం ఛార్జితో బయలుదేరి, 40 వాట్ల చొప్పున 75 సెకన్లు నిలువుగా లేవాలి, 13 వాట్ల చొప్పున 57 నిమిషాలు ముందుకు సాగాలి, మళ్లీ 40 వాట్ల చొప్పున 90 సెకన్లు నిలువుగా దిగాలి. నా మోడల్‌లో ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు లాగనప్పటి వోల్టేజీ), ఒక సిరీస్ రెసిస్టెన్స్, ఒక ఆర్‌సీ జత (వోల్టేజీ నెమ్మదిగా పడడాన్ని పట్టుకునే రెసిస్టర్, కెపాసిటర్) ఉన్నాయి. వాటి విలువలను 25 డిగ్రీల వద్ద, ఛార్జి ప్రతి 10 శాతం తగ్గినప్పుడల్లా ఒక 10 సెకన్ల పల్స్ (కొద్దిసేపు పెద్ద కరెంటు) ఇచ్చి రాబట్టాను.

మోడల్ ప్రకారం దిగడం 19 శాతం దగ్గర మొదలై 12 శాతం దగ్గర ముగుస్తుంది, వోల్టేజీ 2.8 కంటే కిందికి పోదు. పరీక్ష బెంచి మీద నిజమైన సెల్లుతో అదే ప్రయాణం పెడితే, దిగడం మొదలైన 62వ సెకనుకు వోల్టేజీ 2.5కు పడిపోయి పరికరం ఆపేసింది. మూడు సెల్లులతో చేశాను, మూడూ 58, 66 సెకన్ల మధ్యే ఆగాయి. గంటసేపు విశ్రాంతి ఇచ్చి నెమ్మదిగా ఖాళీ చేస్తే ఇంకా 13, 14 శాతం ఛార్జి బయటికి వచ్చింది. ఉన్న ఛార్జిని సెల్లు అప్పుడు ఎందుకు ఇవ్వలేకపోయింది? నా మోడల్‌లో తప్పు ఎక్కడుంది?

ఓం_నియమం
ముందు ఒక సంగతి తేల్చండి. మోడల్‌కు స్థిరమైన కరెంటు ఇచ్చారా, స్థిరమైన పవర్ ఇచ్చారా? చాలామంది 40 వాట్లను సగటు వోల్టేజీతో భాగించి, వచ్చిన 11 ఆంపియర్లను 90 సెకన్లూ అలాగే ఉంచేస్తారు. మోటారుకు కావలసింది పవర్. వోల్టేజీ పడే కొద్దీ అది ఎక్కువ కరెంటు లాగుతుంది, కరెంటు పెరిగే కొద్దీ వోల్టేజీ ఇంకా పడుతుంది. ఈ చక్రాన్ని మోడల్ పట్టుకోకపోతే చివరి నిమిషం ఎప్పుడూ నిజం కంటే సుఖంగానే కనిపిస్తుంది.

విమాన_విద్యార్థిని
స్థిరమైన పవరే ఇచ్చాను. ప్రతి అడుగులోనూ వర్గ సమీకరణం సాధించి కరెంటు తీస్తున్నాను. తప్పు అక్కడ లేదని నా నమ్మకం.

తరమణి_సెల్
తప్పు మీ పల్స్‌లో ఉందమ్మా. చెన్నైలో పదకొండేళ్లుగా సెల్లులు పరీక్షించే పనిలో ఉన్నాను, కార్ల కోసం నేర్చుకున్న పరీక్షను విమానానికి వాడి ఇలాగే ఇరుక్కున్న వారిని చాలామందిని చూశాను.

మీ లెక్కనే వెనక నుంచి చేసి చూడండి. ఛార్జి 15 శాతం దగ్గర ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 3.35 అనుకుందాం. 2.5 వోల్టుల దగ్గర 40 వాట్లు కావాలంటే 16 ఆంపియర్లు కావాలి. అంటే లోపల పోగొట్టుకోగలిగింది 0.85 వోల్టులు, దాన్ని 16తో భాగిస్తే 53 మిల్లీ ఓమ్‌లు. అక్కడ సెల్లు మొత్తం అంతర్నిరోధం 53 దాటితే మీరు కటాఫ్ (పరికరం ఆపేసే 2.5 వోల్టుల హద్దు) తాకినట్టే. అది 70కి చేరితే కటాఫ్ మాట అటుంచి, సమీకరణానికే జవాబు ఉండదు, ఏ కరెంటు దగ్గరా ఆ సెల్లు 40 వాట్లు ఇవ్వలేదు.

మీ పల్స్‌లు 30 మిల్లీ ఓమ్‌ల చుట్టూ చెప్పి ఉంటాయి. అది 10 సెకన్ల మాట, 90 సెకన్ల మాట కాదు. కారు వేగం పుంజుకునేది 10 సెకన్లే కాబట్టి ఆ పరీక్ష కారుకు సరిపోతుంది. రెండో పొరపాటు అంతకంటే పెద్దది. మీరు ప్రతి పల్స్‌కు ముందు సెల్లుకు గంటసేపు విశ్రాంతి ఇచ్చి ఉంటారు. విమానం దిగేటప్పుడు సెల్లుకు ఆ విశ్రాంతి ఎవరిస్తారు? 57 నిమిషాలు ఆపకుండా పరిగెత్తి అలసిన సెల్లును అదే ఊపులో మూడు రెట్లు బరువు మోయమంటున్నారు. పరీక్ష కూడా అలాగే జరగాలి: ముందు 13 వాట్లతో నడిపించి, మధ్యలో ఒక్క సెకను కూడా ఆపకుండా 40 వాట్లు 90 సెకన్లు.

కొత్తగా_చేరాను
నేను రెండో సంవత్సరం ఎం.టెక్. విద్యార్థిని. ఛార్జి ఉంది కానీ ఇవ్వలేదు అన్న మాట నాకు ఇంకా బోధపడలేదు. ఉన్నట్టా, లేనట్టా?

బోరుబావి_బిడ్డ
మాది అనంతపురం జిల్లా, ఇప్పుడు ఉండేది మారతహళ్లిలో. మా పొలంలో బోరు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. చిన్న మోటారు పెడితే రోజంతా నీళ్లు వస్తాయి. అదే బోరుకు పెద్ద మోటారు బిగిస్తే అరగంటకే గాలి కొడుతుంది. భూమిలో నీరు అయిపోలేదు, రాతి పొరల్లోంచి గొట్టం దగ్గరికి ఊరి రావడానికి పట్టే సమయం మనం ఇవ్వలేదు. మోటారు ఆపి గంట తర్వాత వేస్తే మళ్లీ పోస్తుంది. విద్యార్థిని గారి సెల్లు విశ్రాంతి తర్వాత 14 శాతం ఇచ్చిందంటే ఇదే.

కణం_లోపల
బోరుబావి గారి పోలిక చాలా దగ్గరగా ఉంది, దానికి రసాయనం వైపు నుంచి రెండు మాటలు కలుపుతాను. డిశ్చార్జిలో నెగటివ్ ఎలక్ట్రోడ్‌లోని గ్రాఫైటు రేణువుల నుంచి లిథియం బయటికి వస్తుంది. రేణువు ఉపరితలం ముందు ఖాళీ అవుతుంది, నడిమధ్యలో ఉన్న లిథియం వ్యాపనం ద్వారా నెమ్మదిగా బయటి అంచుకు రావాలి. మీటరు చూపే 15 శాతం రేణువు మొత్తానికి సగటు, వోల్టేజీని నిర్ణయించేది మాత్రం ఉపరితలం. తక్కువ ఛార్జి దగ్గర గ్రాఫైటు పొటెన్షియల్ నిటారుగా లేస్తుంది కాబట్టి ఉపరితలం కొద్దిగా ఖాళీ అయినా వోల్టేజీ దబ్బున పడుతుంది. అదే సమయంలో పాజిటివ్ ఎలక్ట్రోడ్ రంధ్రాల్లో ఎలక్ట్రోలైట్‌లోని లిథియం అయాన్ల గాఢత కూడా తగ్గుతూ ఉంటుంది. ఈ రెండూ పదుల నుంచి వందల సెకన్లలో పెరిగేవి. 10 సెకన్ల పల్స్‌లో అవి సగం కూడా కనిపించవు.

అందుకే నా సలహా, సర్క్యూట్ మోడల్ వదిలేసి డాయిల్, ఫుల్లర్, న్యూమన్ 1993లో ఇచ్చిన మోడల్‌కు మారండి. వ్యాపనమూ ఎలక్ట్రోలైట్ గాఢతా దాని సమీకరణాల్లోనే ఉన్నాయి. పైబామ్ అనే ఉచిత పైథాన్ లైబ్రరీలో అది సిద్ధంగా ఉంది, స్థిరమైన పవర్‌తో ఇన్ని సెకన్లు అని రాస్తే నడుస్తుంది.

ఓం_నియమం
కణం గారు, మీ వివరణతో నాకు పేచీ లేదు, సలహాతో ఉంది. ఆ మోడల్ నడవడానికి ముప్పైకి పైగా పరామితులు కావాలి: రేణువు వ్యాసార్ధం, వ్యాపన గుణకం, రంధ్రాల శాతం, పూత మందం, ఇలా. పైబామ్‌లో 2020 నాటి ఎల్‌జీ ఎం50 సెల్లు పరామితుల సమితి ఉంది, అది ఆ సెల్లును విప్పి, కొలిచి రాబట్టినది. అది కూడా 5 ఆంపియర్ అవర్ల 21700 కాబట్టి చాలామంది కొలత ఒకటే కదా అని తమ సెల్లుకు దాన్నే తొడిగేస్తారు. పైకి ఒకేలా ఉన్న రెండు సెల్లుల లోపల పూత మందం వేరైతే, ఎక్కువ పవర్ దగ్గర ఫలితాలు పూర్తిగా వేరవుతాయి. చేతిలో ఉన్న సెల్లును తరమణి గారు చెప్పినట్టు పరీక్షించి, సర్క్యూట్ మోడల్‌కే ఇంకో రెండు ఆర్‌సీ జతలు కలిపి, వాటిలో ఒకదాని కాలస్థిరాంకం (అది ఎంత నెమ్మదిగా స్పందిస్తుందో చెప్పే సమయం) వందల సెకన్లలో ఉండేలా చూస్తే ఈ ప్రశ్నకు అది చాలు.

కణం_లోపల
ఈ ఒక్క ప్రయాణానికి చాలు. రేపు క్రూజ్ (ముందుకు సాగే దశ) పవర్ మారినా, ఉష్ణోగ్రత మారినా, సెల్లు పాతబడినా ఆ ఆర్‌సీ విలువలు మళ్లీ మొదటి నుంచి కొలవాలి. భౌతికశాస్త్రం ఉన్న మోడల్ కొలవని చోట కూడా కొంత దారి చూపుతుంది. ఆమె ఇప్పుడు ఇరుక్కున్నదే తన మోడల్‌ను కొలవని చోటికి లాగడం వల్ల.

తరమణి_సెల్
ఇద్దరి మాటా నిలుస్తుంది, పని వేరు. విమానంలో ప్రతి సెకనూ నడవాల్సింది చిన్న సర్క్యూట్ మోడల్. ఏ పరీక్షలు చేయాలో, ఎక్కడ ప్రమాదం పొంచి ఉందో ముందే చెప్పేది పెద్ద మోడల్. పెద్ద మోడల్ ఫలితాన్ని మాత్రం బెంచి మీద ధ్రువీకరించకుండా డిజైన్ సమీక్షలో పెట్టకండి.

సముద్రమట్టం
మీరంతా సెల్లు లోపల చూస్తున్నారు, నాకు ఆ 40 వాట్ల మీదే అనుమానం. నేను గాలిశాస్త్రం వాణ్ని, చెన్నైలో రోటర్ల మీద పని చేస్తాను. ఆ 40 వాట్లు ఏ ఊరి గాలికి లెక్కగట్టారు?

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. 30 డిగ్రీల మధ్యాహ్నం అక్కడ గాలి సాంద్రత ఘనమీటరుకు సుమారు 1.05 కిలోలే, ప్రామాణిక విలువ 1.225. గాలిలో నిలిచి ఉండడానికి రోటర్‌కు కావలసిన ఆదర్శ పవర్, సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది. అంటే ప్రామాణిక పరిస్థితి కంటే 8 శాతం ఎక్కువ కావాలి. చెన్నై సముద్రమట్టంలోనే ఉన్నా మే నెల 40 డిగ్రీల ఎండలో సాంద్రత 1.13కు పడిపోతుంది, అక్కడ కూడా 4 శాతం ఎక్కువ కావాలి. మీ 40 ప్రామాణిక గాలికి లెక్కగట్టినదైతే మీ ఊరిలో అది 43.2.

విమాన_విద్యార్థిని
ఇప్పుడే చూశాను. గాలిశాస్త్రం చూసే సహోద్యోగి ఇచ్చిన పట్టికలో ప్రామాణిక సముద్రమట్టం అని రాసి ఉంది. ఇన్నాళ్లూ ఆ పంక్తి నా కంట పడలేదు. 43.2 వాట్లతో తరమణి గారి లెక్క మళ్లీ చేస్తే 53 మిల్లీ ఓమ్‌ల హద్దు 49కి దిగింది. బెంచి మీద మేము ఓడిపోయినది తేలిక పరీక్షలో అన్నమాట.

పీణ్యా_ప్యాక్
ఇంకా దిగుతుంది. మీరు చెప్పేవన్నీ ఒంటరి సెల్లు లెక్కలు. పీణ్యాలో ప్యాక్‌లు కట్టే చోట పనిచేస్తాను కాబట్టి చెబుతున్నాను, సెల్లుకూ మోటారుకూ మధ్య వెల్డ్, బస్‌బార్, ఫ్యూజు, కాంటాక్టరు, కేబుల్ అన్నీ ఉన్నాయి. వాటన్నిటినీ ఒక్కో సెల్లు వాటాకు 2 మిల్లీ ఓమ్‌లుగా తీసుకున్నా మీ 49లో 2 పోయాయి. ఆపైన సిరీస్‌లో ఉన్న వరుసల్లో అన్నిటికంటే బలహీనమైన వరుస ముందు కటాఫ్ తాకుతుంది, మిగతా వరుసలు ఎంత ఆరోగ్యంగా ఉన్నా లాభం లేదు. మీ మూడు సెల్లులే 58, 66 సెకన్ల మధ్య తేడా చూపాయి కదా, వేల సెల్లుల్లో ఆ తేడా ఇంకా విస్తరిస్తుంది. సగటు సెల్లుతో మోడల్ కట్టకండి, అట్టడుగు సెల్లుతో కట్టండి.

బరువు సంగతి కూడా మరవకండి. సెల్లు దగ్గర కిలోకు 260 వాట్ అవర్లు ఉన్నా, చల్లబరిచే పలకలు, సెల్లుల మధ్య అడ్డుగోడలు, పెట్టె, వాయువు బయటికి పోయే గొట్టం కలిపితే ప్యాక్ దగ్గర 170, 180 మిగిలితే సంతోషం. ఆ పెట్టె ఎందుకు తగ్గించలేమో 2013 జనవరి గుర్తున్నవారికి తెలుసు. బోస్టన్‌లో ఆగి ఉన్న బోయింగ్ 787 లోనూ, తొమ్మిది రోజులకే జపాన్‌లో తకమత్సులో అత్యవసరంగా దిగిన ఇంకో 787 లోనూ లిథియం బ్యాటరీలు కాలాయి, ఆ రకం విమానాలన్నీ నేల మీద ఆగిపోయాయి. తిరిగి ఎగరనిచ్చింది బ్యాటరీని ఉక్కు పెట్టెలో పెట్టి, పొగ విమానం బయటికి పోయే దారి ఏర్పరిచాకే. అవి మోటార్లు తిప్పే బ్యాటరీలు కూడా కావు.

జక్కూరు_పైలట్
తొమ్మిదేళ్లుగా చిన్న విమానాలు నడుపుతున్నాను. బ్యాటరీ శాస్త్రం నాకు తెలియదు, కానీ మొదటి పోస్టు చదివి కలవరపడ్డాను. ఆ 57 నిమిషాల్లో నిల్వ ఎక్కడుంది? పగటిపూట, కంటిచూపుతో నడిపే ప్రయాణానికి గమ్యం చేరాక ఇంకో 30 నిమిషాలు ఎగరగలిగే నిల్వ ఉండాలన్నది విమానాలకు పాత నియమం. మీ 13 వాట్ల లెక్కన అరగంట అంటే 6.5 వాట్ అవర్లు, సెల్లులో మూడో వంతు పైనే.

విమాన_విద్యార్థిని
57లో ఆ 30 నిమిషాలూ కలిసే ఉన్నాయండి. అసలు ప్రయాణం 27 నిమిషాలు. నిల్వ మొత్తం వాడేసి దిగే చెడ్డ రోజును బెంచి మీద పెట్టాను.

జక్కూరు_పైలట్
అయితే నా కలవరం ఇంకా పెరిగింది. మామూలు రోజున మీ విమానం 55 శాతం దగ్గర హాయిగా దిగుతుంది, ఏళ్ల తరబడి ఎవరికీ ఏ లోపమూ కనిపించదు. రన్‌వే మూసేసో, వాన కమ్మేసో నిల్వంతా వాడుకోవలసి వచ్చిన ఆ ఒక్క రోజునే, నేలకు వంద అడుగుల ఎత్తులో, 62వ సెకనులో పవర్ పోతుంది. పెట్రోలు విమానంలో చివరి లీటరు కూడా మొదటి లీటరంత పవర్ ఇస్తుంది. మాకు చేతుల్లో ఇంకిపోయిన అలవాటు అది. మీ బ్యాటరీలో చివరి వాటాకు ఆ గుణం లేదని పైలట్‌కు కనబడే మీటరే చెప్పాలి.

గిండీ_లెక్కలు
దీనికి మామూలుగా చేసేది 30 శాతం కింద దిగకూడదని ఒక గీత గీసేయడం. సులువు, పైలట్‌కు అర్థమవుతుంది, ధ్రువీకరణ అధికారులకూ అర్థమవుతుంది. ఇంత చర్చ అవసరమా?

తరమణి_సెల్
ఆ గీత ఏ రోజుకు గీశారు, గిండీ గారు? కొత్త సెల్లుకు 40 డిగ్రీల దగ్గర 15 శాతం కూడా సరిపోవచ్చు, ఎందుకంటే వేడిలో అంతర్నిరోధం తగ్గుతుంది. డిసెంబరులో బెంగళూరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో రాత్రంతా బయట ఉన్న పాత సెల్లుకు 30 కూడా చాలకపోవచ్చు. ఒకే అంకె మంచి రోజున బరువు దండగ చేస్తుంది, చెడ్డ రోజున ప్రాణం మీదికి తెస్తుంది. గీతను ఛార్జి శాతంలో కాక పవర్‌లో గీయాలి: ఇప్పుడు, ఈ ఉష్ణోగ్రతలో, ఈ వయసులో, ఈ బ్యాటరీ 90 సెకన్ల పాటు ఎంత పవర్ ఇవ్వగలదు, దిగడానికి కావలసినదానికంటే అది ఎంత ఎక్కువ. మోడల్ అసలు చేయవలసిన పని ఇదే. జక్కూరు గారు అడిగిన మీటరు కూడా ఇదే.

గిండీ_లెక్కలు
అంగీకరిస్తున్నాను, కానీ ఆ గీత ఖరీదు ఎంతో అందరూ ఒకసారి చూడాలి. ఉదాహరణకు లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి (విమానాన్ని పైకి ఎత్తే బలానికీ గాలి అడ్డుకునే బలానికీ నిష్పత్తి) 10, మోటారు నుంచి ప్రొపెల్లరు దాకా దక్షత 0.8, విమానం బరువులో బ్యాటరీ వాటా 30 శాతం, ప్యాక్ కిలోకు 170 వాట్ అవర్లు అనుకుంటే, బ్యాటరీ మొత్తం ఖాళీ చేస్తే వెళ్లగలిగే దూరం సుమారు 150 కిలోమీటర్లు. చెన్నై నుంచి తిరుపతికి గాలిదారిన దాదాపు 110. కాగితం మీద విమానం కొండ కిందికి చేరిపోతుంది. లేవడానికి, దిగడానికి, నిల్వకు, పవర్ గీతకు పక్కన పెట్టి సగమే వాడితే 75 కిలోమీటర్లు, దారి మధ్యలోనే దిగాలి. దూరాన్ని తగ్గించేది కిలోకు ఎన్ని వాట్ అవర్లన్న ఒక్క అంకె మాత్రమే కాదు, అందులో ఎంత తాకవచ్చన్న అంకె కూడా.

సముద్రమట్టం
మామూలు రెక్కల విమానానికీ దీనికీ ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. 2020 జూన్‌లో యూరప్ విమాన భద్రతా సంస్థ ధ్రువీకరణ పొందిన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రోలో మోటారు గరిష్ఠ పవర్ 57.6 కిలోవాట్లు, నిరంతరం ఇవ్వగలిగేది 49.2. రెంటికీ పెద్ద తేడా లేదు, పైగా అది రన్‌వే మీద దిగేటప్పుడు పవర్ తగ్గిస్తుంది. విద్యార్థిని గారి విమానం బ్యాటరీ అట్టడుగున ఉన్నప్పుడు క్రూజ్‌కు మూడు రెట్లు అడుగుతోంది. ఇక్కడి ఎన్‌ఏఎల్ (జాతీయ ఏరోస్పేస్ ప్రయోగశాల) తలపెట్టిన ఈ-హంస లాంటి శిక్షణ విమానానికి కూడా ఈ బాధ ఇంతగా ఉండదు.

కొత్తగా_చేరాను
వేడి సంగతి ఎవరూ ఎత్తలేదు. దిగేటప్పుడు సెల్లు బాగా కాగుతుంది కదా, దాన్ని చల్లబరచడానికి పెద్ద పంపు పెట్టాలా?

కణం_లోపల
మంచి ప్రశ్న తమ్ముడూ, అంకెలు వేసి చూద్దాం. దిగేటప్పుడు 15 ఆంపియర్లు, 45 మిల్లీ ఓమ్‌లు అనుకుంటే పుట్టే వేడి 10 వాట్లు, 90 సెకన్లకు 900 జౌళ్లు. 70 గ్రాముల సెల్లు ఒక డిగ్రీ కాగడానికి సుమారు 66 జౌళ్లు కావాలి. అంటే 13, 14 డిగ్రీల పెరుగుదల. ఆ 90 సెకన్లలో వేడి సెల్లు నడిమధ్య నుంచి చల్లటి పలక దాకా చేరేలోపే విమానం దిగిపోతుంది కాబట్టి, ఎంత పెద్ద పంపు పెట్టినా దాన్ని పెద్దగా ఆపలేదు.

క్రూజ్‌లో పుట్టేది చాలా తక్కువ, 3.6 ఆంపియర్లకు 0.45 వాట్లు. కానీ 57 నిమిషాలకు అది 1,500 జౌళ్లు దాటుతుంది. చల్లబరచకపోతే 23 డిగ్రీలు. మొత్తం వేడిలో పెద్ద వాటా ఎవరూ పట్టించుకోని ఆ నెమ్మది దశదే. పంపు పని అక్కడ ఉంది: క్రూజ్ ముగిసేసరికి సెల్లును తగినంత చల్లగా ఉంచితే, దిగేటప్పటి 14 డిగ్రీలను సెల్లు తన బరువుతోనే మింగేస్తుంది. బ్యాటరీ వేడికి బెర్నార్డీ బృందం 1985లో ఇచ్చిన సమీకరణంలో ఎంట్రోపీ వల్ల వచ్చే పదం (రసాయన మార్పుతో పుట్టే లేదా పీల్చుకునే వేడి) కూడా ఉంది. పెద్ద కరెంటు దగ్గర దాన్ని వదిలేసినా పరవాలేదు, క్రూజ్‌లో వదిలేయకూడదు.

తరమణి_సెల్
మరీ చల్లగా కూడా ఉంచకండి, దిగేటప్పుడు అంతర్నిరోధం పెరుగుతుంది. మా చెన్నైలో బాధ ఇంకోలా ఉంటుంది. 40 డిగ్రీల ఎండలో దిగిన బ్యాటరీని అక్కడే వెంటనే వేగంగా ఛార్జి చేసి పంపాలంటారు. దిగిన వేడి, ఛార్జింగ్ వేడి, నేల వేడి మూడూ కలిసి తర్వాతి ప్రయాణం మొదటి ఉష్ణోగ్రత అవుతాయి. ఒక్క ప్రయాణం కాదు, వరుసగా ఆరు ప్రయాణాలు మోడల్‌లో నడిపి చూడండి.

ఓం_నియమం
సెల్లు ముసలితనం గురించి కూడా ఒక మాట. కార్లవాళ్లు సామర్థ్యం 80 శాతానికి పడితే బ్యాటరీ జీవితం అయిపోయిందంటారు. ఇక్కడ ఆ కొలమానం పనికిరాదు, అంతర్నిరోధం ముందే హద్దు దాటుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు సోనీ-మురాటా వీటీసీ6 సెల్లులు 22 తీసుకుని, ఇలాంటి నిలువు విమాన ప్రయాణాన్నే మళ్లీ మళ్లీ నడిపి ఆ డేటా అంతా బహిరంగంగా పెట్టారు. మీ సెల్లు కాకపోయినా, సామర్థ్యమూ అంతర్నిరోధమూ విడివిడిగా ఎలా మారతాయో చూడడానికి అంతకంటే మంచి చోటు లేదు.

విమాన_విద్యార్థిని
పన్నెండు రోజుల తర్వాత తిరిగి వచ్చాను. అందరూ చెప్పినవి ఒక్కొక్కటిగా చేశాను.

ముందు తరమణి గారు చెప్పినట్టు, క్రూజ్ నుంచి ఆపకుండా 90 సెకన్ల పరీక్ష. 30 శాతం దగ్గర మొత్తం అంతర్నిరోధం 41, 22 శాతం దగ్గర 47, 15 శాతం దగ్గర 54 మిల్లీ ఓమ్‌లు వచ్చింది. నా పాత పల్స్‌లు 15 దగ్గర 31 అని చెప్పాయి. మూడు ఆర్‌సీ జతలతో మోడల్ మళ్లీ కట్టాను, పొడవైన కాలస్థిరాంకం సుమారు 200 సెకన్లు. పాత ప్రయాణాన్ని ఇచ్చి చూస్తే 60వ సెకనుకు ఆగిపోతుందని మోడల్ చెప్పింది, బెంచి చెప్పింది 62. ఆ రాత్రి ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయాను.

మరునాడు 43.2 వాట్లతో, 30 శాతం దగ్గర దిగడం మొదలుపెట్టి నడిపాను. దాదాపు 22 శాతం దగ్గర 2.7 వోల్టులతో ముగిసింది, బెంచి కూడా అదే చెప్పింది. సంతోషించేలోపే ఓం నియమం గారి చివరి పోస్టు గుర్తొచ్చింది. 22 శాతం దగ్గర ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 3.45, కాబట్టి 43.2 వాట్లకు హద్దు 55 మిల్లీ ఓమ్‌లు. ఇప్పుడున్నది 47. అంతర్నిరోధం 17 శాతం పెరిగితే చాలు, ఈ ప్యాక్ విమానానికి పనికిరాదు. అప్పటికి దాని సామర్థ్యం తొంభై శాతం పైనే ఉండవచ్చు. పీణ్యా గారి 2 మిల్లీ ఓమ్‌లు కలిపితే ఆ 17 కూడా మిగలదు.

సెల్లులు 10 శాతం పెంచితే ఒక్కోదాని వాటా 39.3 వాట్లకు దిగి, 29 శాతం పెరుగుదల దాకా తట్టుకుంటుంది. కానీ పెరిగిన బరువును మోయడానికి మళ్లీ పవర్ పెరుగుతుంది కాబట్టి నిజంగా మిగిలేది అంతకంటే తక్కువ. ఇప్పుడు ఏ దారి?

పీణ్యా_ప్యాక్
సెల్లు మార్చండి. ఎక్కువ పవర్ కోసం పలుచని పూతతో చేసిన సెల్లులు ఉన్నాయి. పై పోస్టులో వచ్చిన వీటీసీ6నే తీసుకోండి, 46 గ్రాముల చిల్లరకు 10.8 వాట్ అవర్లు, అంటే కిలోకు 230 చుట్టూ. మీ సెల్లు 260తో పోలిస్తే పదో వంతు తక్కువ. కానీ అడుగున ఎక్కువ భాగం వాడుకోగలిగితే ప్యాక్ మొత్తం మీద అదే తేలిక కావచ్చు. తాకలేని 30 శాతాన్ని మోసే 260 కంటే తాకగలిగిన 230 మేలు.

గిండీ_లెక్కలు
నా 75 కిలోమీటర్లను కూడా అదే మార్చగలదు. వాడుకోగలిగే వాటా 50 నుంచి 60 శాతానికి పెరిగి, ప్యాక్ 170 నుంచి 150కి తగ్గినా దూరం 79 వస్తుంది. తిరుపతి ఇంకా దూరమే, అయినా లెక్క సరైన వైపు కదిలింది.

సముద్రమట్టం
నా వైపు నుంచి కూడా ఒకటి. రోటర్ చుట్టుకొలత కొంచెం పెంచగలరేమో మీ సహోద్యోగిని అడగండి. రోటర్ వైశాల్యం 20 శాతం పెరిగితే ఆదర్శ పవర్ దాదాపు 9 శాతం తగ్గుతుంది, అంటే బెంగళూరు గాలి తీసుకున్నది తిరిగి వచ్చేస్తుంది. బ్యాటరీ వాళ్లూ రోటర్ వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఇలాంటి చిక్కులు సగం మొదట్లోనే కనిపిస్తాయి.

విమాన_విద్యార్థిని
రేపు ఉదయమే అతనితో కూర్చుంటున్నాను. ఎక్కువ పవర్ సెల్లులు రెండు రకాలు, ఒక్కోటి ఎనిమిది చొప్పున తెప్పిస్తున్నాం. ఈసారి 15, 25, 40 డిగ్రీలు మూడింటి దగ్గరా, క్రూజ్ నుంచి ఆపకుండానే పరీక్షిస్తాను, ఎనిమిదిలో అట్టడుగు సెల్లు అంకెలనే మోడల్‌కు ఇస్తాను. జక్కూరు పైలట్ గారూ, పవర్ మిగులు చూపే మీటరు ఎలా ఉంటే కాక్‌పిట్‌లో ఒక్క చూపులో చదవగలరో ఒక బొమ్మ గీసి పెట్టగలరా?

జక్కూరు_పైలట్
ఆదివారం లోపు గీసి ఇక్కడే పెడతాను. శాతాలు వద్దు, ఇంకా ఎన్ని నిమిషాలు ముందుకు సాగి కూడా భద్రంగా దిగగలనో నిమిషాల్లో చూపండి.